బ్యాంకు లెక్క, సరాఫు లెక్క

నిజామాబాద్,
12 నవంబరు 1956

గంగాభాగీరథీ సమానురాలైన శ్రీమతి ఇందిరాదేవి గారికి,

ఎర్రన్న కొడుకు బాపురావు నమస్కరించి రాస్తున్నాను. మీ ఆయన చెంచురామయ్య గారు శ్రావణంలో కాలం చేశారని మా బాపు కబురు పంపినప్పుడు బాధ కలిగింది. ఆయన మాట మీద నిలబడే మనిషి.

అయినా గడువు దగ్గర పడింది కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. పదేళ్ళ క్రితం, సర్వజిత్తు ఉగాదికి, తూము కింద ఉన్న మా నాలుగెకరాలను మా బాపు నాలుగు వేల రెండు వందల హాలీ రూపాయలకు మీ ఆయన పేర రాసిచ్చాడు. పదేళ్ళలోపు ఆ మొత్తం తిరిగి ఇస్తే పొలం మాకు రాసివ్వాలని, ఇవ్వలేకపోతే అది శాశ్వతంగా మీదేనని షరతు. వచ్చే ఉగాదితో గడువు తీరిపోతుంది.

డబ్బు సిద్ధంగా ఉంది. నిజాం కాలపు హాలీ చెలామణి పోయింది గనుక ఇప్పుడున్న ఇండియా రూపాయల్లో, అంటే మనం కల్దారు అనేవాటిలో ఇస్తాను. బ్యాంకులో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు లెక్క కడుతున్నారు. ఆ లెక్కన మూడు వేల ఆరు వందలు అవుతుంది. బోధన్ రిజిస్ట్రారు కచేరీకి మీకు ఏ రోజు వీలవుతుందో రాయండి. నేను ఇక్కడ పసుపు గోదాములో తూకందారు పని చేస్తున్నాను. రెండు రోజులు ముందుగా తెలిస్తే సెలవు అడుగుతాను.

ఇట్లు,
బాపురావు


సీతాపురం క్యాంపు, బోధన్ తాలూకా,
20 నవంబరు 1956

బాపురావు గారికి,

మీ ఉత్తరంలో మొదటి మాటే గంగాభాగీరథి. ఆ మర్యాద మీకు ఏ పంతులు నేర్పాడో గాని, ఆయన పోయి మూడు నెలలే అయింది. నేను విధవనని ఉత్తరం పైన రాసి మరీ గుర్తు చేయక్కర్లేదు. నాకు పేరుంది, అది చాలు.

ఇక డబ్బు సంగతి. బ్యాంకు లెక్క మీరు ఇప్పుడు చెబుతున్నారు. మా ఆయన ఆనాడు బ్యాంకులో మార్చలేదు. మావి కల్దార్లు, మీ నాన్నకు కావలసింది హాలీ. అదీ నోట్లు వద్దు, వెండి సిక్కాలే కావాలని పట్టుబట్టాడు. "కాయిదం నాకెందుకమ్మా, తడిస్తే పాయె. ఖణఖణ మోగేటియి ఇప్పియ్యి" అని మా అరుగు మీద కూర్చుని అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. అంత వెండి ఏ బ్యాంకు ఇస్తుంది? నిజామాబాద్ బజారులో నాణేలు మార్చే సరాఫు దగ్గర కొన్నారు. ఆ సరాఫు మారకానికి తన బట్టా పట్టుకుని, మీ నాలుగు వేల రెండు వందలకు మా దగ్గర మూడు వేల తొమ్మిది వందల కల్దార్లు తీసుకున్నాడు.

మా ఇంట్లోంచి పోయింది ఎంతో, మా ఇంటికి రావలసింది అంతే. మూడు వందలు తగ్గించి పొలం పట్టుకుపోదామనుకుంటే అది జరగదు.

ఇందిరాదేవి


నిజామాబాద్,
2 డిసెంబరు 1956

ఇందిరాదేవి గారికి,

నేను ఉర్దూ బడిలో చదివినవాణ్ణి. తెలుగు ఉత్తరాల మర్యాద మా వీధి పంతుల్ని అడిగి రాశాను. తప్పయితే మన్నించండి. లెక్క మాత్రం నేను ఎవర్నీ అడగక్కర్లేదు.

మీ ఉత్తరం అందిన మరునాడే గోదాముకు సెలవు పెట్టి రెండు చోట్లకూ వెళ్ళాను. బ్యాంకులో ఇంకా మార్చి ఇస్తున్నారు. వరుసలో నిలబడాలి, కాగితం నింపాలి, అరిగిన నాణెం ఉంటే పక్కన పెడతారు. కాని ఏడుకు ఆరు అంటే ఆరే. ధనికుడికీ అంతే, కూలివాడికీ అంతే.

అక్కణ్ణుంచి సరాఫు బజారుకు పోయాను. అక్కడ వరుస లేదు, కాగితం లేదు. తెల్ల దుప్పటి మీద కూర్చున్న సరాఫు నన్ను ఎగాదిగా చూసి, "నోట్లు తెచ్చినవా? గట్లయితె బ్యాంకుకే పో భాయ్, నా దగ్గర బట్టా పోతది" అన్నాడు. "వెండి సిక్కా అయితే?" అని అడిగాను. ఆయన నవ్వి, "గది చెప్పు ముందుగల్ల. బ్యాంకోడు సిక్కా మీద ముద్ర సూసి ఇస్తడు, నేను లోపలి వెండి సూసి ఇస్త. పాత సిక్కా ఒక్కోదానికి ఒకటింబావు కల్దారు. యుద్ధం నాటియి వద్దు, వాటిల సగం రాగే" అన్నాడు.

సరాఫు రేటు అంటే ఇంతే. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. మనిషిని చూసి ఒకటి, అవసరం చూసి ఒకటి. మీ ఆయన తొందరపడి అలాంటివాడి చేతిలో పోగొట్టుకున్న బట్టా నా అప్పు ఎలా అవుతుంది? ప్రభుత్వం కట్టిన రేటు ఉండగా బజారు రేటు నేను ఎందుకు ఇవ్వాలి? పదేళ్ళు ఆ పొలంలో చెరుకు కొట్టి ఫ్యాక్టరీకి తోలారు. ఆ లాభం నేను అడగడం లేదు. నష్టం మాత్రం నా నెత్తిన పెడతానంటే ఒప్పుకోను.

మూడు వేల ఆరు వందలు. తారీఖు చెప్పండి.

బాపురావు


సీతాపురం క్యాంపు,
11 డిసెంబరు 1956

బాపురావు గారికి,

శ్రమపడి రెండు చోట్లా విచారించినందుకు సంతోషం. మీరు రాసేదాకా పాత సిక్కా ఇంత పలుకుతోందని నాకు తెలియదు.

నా ట్రంకుపెట్టెలోంచి ఆ ఉర్దూ దస్తావేజు తీసి మళ్ళీ చదివించుకున్నాను. అందులో కల్దారు అన్న మాటే లేదు. బ్యాంకు లేదు, సరాఫూ లేదు. "వెండి హాలీ సిక్కాలు నాలుగు వేల రెండు వందలు" అని ఉంది. మీ నాన్న పట్టుబట్టి రాయించిన మాట అది. కాబట్టి అవే తెండి. నోట్లు వద్దు. సగం రాగి ఉన్నవీ వద్దు. ఉగాదిలోపు తెచ్చి నా గుమ్మంలో పోయండి, ఆ రోజే సంతకం పెడతాను.

తేలేకపోతే మళ్ళీ ఉత్తరం రాయకండి.

ఇందిరాదేవి


నిజామాబాద్,
19 డిసెంబరు 1956

ఇందిరాదేవి గారికి,

ఇది న్యాయమా? మీ మనసుకు మీరే చెప్పుకోండి.

నేను ఎనిమిదేళ్ళుగా కూడబెట్టాను, నిరుటిదాకా హాలీలోనే. పండక్కి బట్టలు కొనలేదు, నా భార్య రేణుక ఒంటి మీద తులం బంగారం లేదు. నిరుడు హాలీ ఇక చెల్లదన్నప్పుడు అందరితో పాటు నేనూ మూట కట్టుకుని బ్యాంకు వరుసలో నిలబడ్డాను. ఏడుకు ఆరు చొప్పున నోట్లు తెచ్చుకున్నాను. అందులో ఎన్ని పాత వెండి సిక్కాలు పోయాయో ఇప్పుడు తలచుకుంటే కడుపు మండుతోంది. మీరు అడిగినవి ఈ రోజు సరాఫు దగ్గర కొనాలంటే ఐదు వేల రెండు వందల యాభై పైన. అమ్మేటప్పుడు ఆయన ఇంకో రేటు చెబుతాడు, అది వేరే. అంత డబ్బు నా దగ్గర ఉండదని మీకు తెలుసు. తెలిసే అడిగారు.

నేను రాసిన ఉత్తరంలోంచే నా మెడకు తాడు పేనారు. తెలివితేటలు బాగున్నాయి. మీరు బయటినుంచి వచ్చినవాళ్ళు. మా కాలువ, మా నీళ్ళు, మా నేల చవకగా దొరికితే వచ్చారు. వచ్చినవాళ్ళకు ఇక్కడి మనిషి కష్టం ఎందుకు కనిపిస్తుంది? మా బాపు తన పొలంలో తానే మీకు నీళ్ళు కట్టే కూలీ అయ్యాడు. రోజూ పొద్దున ఆయన పార భుజాన వేసుకుని మీ గట్టు మీద నడుస్తుంటే చూడలేక నేను ఊరు విడిచి వచ్చాను.

వకీలును కలిశాను. డబ్బు కోర్టులో కట్టి దావా వేస్తాను.

బాపురావు


సీతాపురం క్యాంపు,
3 జనవరి 1957

బాపురావుకు,

వచ్చినవాళ్ళమే. పద్దెనిమిదేళ్ళయింది వచ్చి. చవకగా వచ్చిందన్నారు గదా, ఎంతకు వచ్చిందో చెబుతాను, వినండి.

మేము వచ్చేసరికి ఇక్కడ మంచినీళ్ళ బావి లేదు. కాలువ నీళ్ళే తాగాం. మొదటి వానాకాలం చలిజ్వరాలతో, కృష్ణ ఒడ్డునుంచి వచ్చినవాళ్ళం గుడిసెలు వేసుకున్న ఈ క్యాంపులో లేచి గంజి కాచే మనిషి లేదు. నాకు ఒక్కడే కొడుకు. రెండేళ్ళవాడు. కాలువ కట్ట అవతల పూడ్చి వచ్చాం. ఆ తర్వాత నాకు పిల్లలు లేరు. మీ తూము కింది నాలుగెకరాలు మా చేతికి వచ్చినప్పుడు అందులో సగం చవుడు. మూడు వేసవులు చెరువు మట్టి తోలించాం, జనుము వేసి దున్నించాం. అప్పుడు గాని చెరుకు నిలబడలేదు. మీ నాన్ననే అడగండి, ఆయన అబద్ధం చెప్పడు.

ఇంకొకటి. ఆ మూడు వేల తొమ్మిది వందలు మా ఆయన సంపాదన కాదు. కృష్ణ ఒడ్డున నా పుట్టింటివాళ్ళు నాకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరంన్నర మాగాణి అమ్మిన సొమ్ము. దస్తావేజు ఆయన పేర, సొమ్ము నాది. మీ నాన్న ఎందుకు అంత అవసరపడ్డాడో ఆనాడు చెప్పలేదు. మా ఆయన అడిగితే "ఇంట్ల కష్టముంది దొరా" అన్నాడు, అంతే. కష్టమన్న మనిషిని ఇంకేం అడుగుతామని మా ఆయన ఊరుకున్నారు.

నిన్న మీ నాన్నతో మీ ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన పార గట్టున పెట్టాడు. తర్వాత, "నా కొడుకు మొండోడమ్మా. గాని మోసగాడు కాడు. నువ్వు గూడ మొండిదానివే. మీ ఇద్దరి నడుమ నేనేం చెప్పాలె" అన్నాడు. నాకు నీళ్ళు కట్టినందుకు ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు. సిగ్గు మీది.

దావా వేసుకోండి.

ఇందిరాదేవి


నిజామాబాద్,
15 జనవరి 1957

ఇందిరాదేవి గారికి,

మీ అబ్బాయి సంగతి నాకు తెలియదు. వచ్చినవాళ్ళు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోవడం లేదు.

బాపు ఆనాడు చెప్పని కష్టం నేనే. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. దగ్గితే రక్తం పడేది. క్షయ అని బయటపడితే ఊళ్ళో మా ఇంటి గడప ఎవరూ తొక్కరని, మా నీళ్ళు కూడా ముట్టరని బాపు నోరు మెదపలేదు. నన్ను చీకటితో బండెక్కించి, పట్నం అవతల గుట్ట మీద ఉన్న దవాఖానాలో చేర్చాడు. ఏడాదిన్నర అక్కడ ఉన్నాను. నా పక్క మంచాల మీదివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయారు. నేను పోలేదు. మీ వెండి అక్కడ మందులయింది, గుడ్లయింది, పాలయింది.

పొలం పోయింది నా వల్ల. దాన్ని నా చేత్తోనే తిరిగి తెచ్చి బాపుకు ఇవ్వాలని తప్ప ఈ పదేళ్ళలో నేను వేరే ఏదీ కోరుకోలేదు. ఆ సొమ్ము మీ పుట్టింటి నేల అమ్మిందని ఇప్పుడు మీరు రాశారు. చదివి ఒక పూట పనిలో తూకాలు తప్పు చెప్పాను. దీనికి నేను మీకు దండం పెడతానని అనుకోకండి. మీరు వడ్డీ కింద పదేళ్ళ పంట తిన్నారు. ఆ లెక్క తీరిపోయింది.

సిక్కాల కోసం తిరుగుతున్నాను. కంసాలుల దగ్గర, అంగడికి వచ్చే ముసలమ్మల దగ్గర అడుగుతున్నాను. సరాఫు ఒక్కోదాన్ని రాతి మీద మోగించి, నవ్వి, సగం వెనక్కి ఇస్తున్నాడు. ఉగాదిలోపు నాలుగు వేలు కాదు, నాలుగు వందలు కూడా దొరకవు. వకీలు మాత్రం కోర్టు బ్యాంకు లెక్కే ఒప్పుకుంటుందంటున్నాడు. కాని తీర్పుకు ఎన్నేళ్ళు పడుతుందో చెప్పడం లేదు. బాపుకు అన్నేళ్ళు ఉన్నాయో లేవో.

ఒక్కసారి ఆలోచించండి.

బాపురావు


సీతాపురం క్యాంపు,
24 జనవరి 1957

బాపురావు గారికి,

మీరు బతికినందుకు సంతోషం. ఇది నిజంగానే రాస్తున్నాను.

షరతు మాత్రం షరతే.

ఇందిరాదేవి


నిజామాబాద్,
18 ఫిబ్రవరి 1957

ఇందిరాదేవి గారికి,

మీ మరిది బసవయ్య గారు నిన్న గోదాముకు వచ్చారు. మీరు పంపారో, ఆయనంతట ఆయనే వచ్చారో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాంటా దగ్గర పని ఆపించి నన్ను టీకొట్టుకు తీసుకుపోయారు. "మా వదిన ఆడమనిషండీ, ఆవిడకేం తెలుసు. వెండి సిక్కాలంటూ ఏదో పంతం పట్టింది. అన్నయ్య పోయాక ఇంటి పెద్దని నేను. మాది ఉమ్మడి. నేను సంతకం పెడితే చాలు. మీరు మూడు వేల నాలుగు వందలు నోట్లు నా చేతిలో పెట్టండి, పొలం మీ నాన్న పేర రాసేస్తాను" అన్నారు. నేను, "బ్యాంకు లెక్కన్నా రెండొందలు తక్కువ చెబుతున్నరు, ఎందుకు?" అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "త్వరగా అయిపోవాలి గదండీ. మా వదినకు ముందుగా తెలియకూడదు. అదొక్కటే నేను అడిగేది" అన్నారు.

పదిహేను రోజులు గడువు అడిగాను. వకీలును విచారిస్తే, ఆయన సంతకం నిలబడవచ్చు, గొడవ చేసేవాళ్ళు లేకపోతే, అన్నాడు.

మీకు పిల్లలు లేరు. మీ ఆయన లేరు. గొడవ చేసేది మీరు ఒక్కరే. అందుకే అడుగుతున్నాను. ఆ ఇంట్లో అసలు ఏం జరుగుతోంది?

బాపురావు


సీతాపురం క్యాంపు,
21 ఫిబ్రవరి 1957

బాపురావు గారికి,

నేను పంపలేదు. నాకు తెలియదు. ఈ ఉత్తరం మీ నాన్న చేతికే ఇచ్చి పోస్టులో వేయించుతున్నాను. ఇంట్లోంచి పంపితే మీ దాకా రాదు.

ఇన్నాళ్ళూ రాయనిది ఇప్పుడు రాస్తాను. ఆయన పోయిన పదకొండో రోజున బీరువా తాళంచెవి నా కొంగునుంచి మా తోడికోడలి కొంగుకు పోయింది. చెరుకు డబ్బు ఫ్యాక్టరీ నుంచి బసవయ్య పేరే వస్తోంది. నా భోజనం వంటింట్లో కాదు, వెనక వసారాలో. మిగతా పొలాలన్నీ అన్నదమ్ముల ఉమ్మడివి, వాటి మీద నేను నోరెత్తితే పది మంది వచ్చి సర్దిచెబుతారు. ఈ నాలుగెకరాలు మాత్రం నా సొమ్ముతో వచ్చాయని క్యాంపులో అందరికీ తెలుసు. అందుకే నన్ను ఇంకా ఆ ఇంట్లో ఉండనిస్తున్నారు.

మీరు బ్యాంకు లెక్కన తెచ్చినా, సరాఫు లెక్కన తెచ్చినా, ఆ డబ్బు మా గుమ్మం దాటిన రోజే బసవయ్య చేతికి పోతుంది. పొలం ఉంటే కాళ్ళ కింద నేల ఉంటుంది. అందుకే మొదట మూడు వందలు ఎక్కువ అడిగాను. మీరు లొంగకపోయేసరికి వెండి అడిగాను. వెండి మీద ఆశతో కాదు, మీరు తేలేరని. ఉగాది దాటితే చాలనుకున్నాను.

మీకు చేసింది అన్యాయమే. అయినా బతిమాలను. మూడు వేల నాలుగు వందలకు మీ పొలం మీకు వస్తోంది. మీ స్థానంలో ఎవరున్నా ఒప్పుకుంటారు.

ఇందిరాదేవి


నిజామాబాద్,
1 మార్చి 1957

ఇందిరాదేవి గారికి,

ఆదివారం ఊరికి పోయి బాపుకు అంతా చెప్పాను. బసవయ్య గారి మాట కూడా చెప్పాను. ఆయన చుట్ట ఆర్పేసి నన్ను అడిగాడు: "ఆమెకు తెల్వకుంట రాపిచ్చుకుంటె పొలం మనకస్తది గద?"

"అస్తది" అన్నాను.

"అచ్చినంక నేను గా గట్టు మీద ఎట్ల నడవాలె? నీళ్ళు కడతాంటె ఆమె వసారల కూసుండి సూస్తది. పదేండ్ల సంది ఆమె నాకు అన్నం పెట్టింది. నువ్వే ఇవ్వు, ఆమె చేతులనే పెట్టు. లేకుంటె నాకద్దు గా పొలం" అన్నాడు.

బాపు అలా అనకపోయినా నేను బసవయ్య గారికి ఇచ్చేవాణ్ణి కాదని రాయాలని ఉంది. నిజం చెప్పాలంటే ఇచ్చేవాణ్ణేమో. రెండు రాత్రులు ఆ మూడు వేల నాలుగు వందల గురించే ఆలోచించాను.

ఇక వినండి. మూడు వేల తొమ్మిది వందలు, మీ సరాఫు లెక్కనే, రిజిస్ట్రారు గారి బల్ల ముందు మీ చేతిలో పెడతాను. మీ ఇంటి గుమ్మంలో కాదు. సంతకం మీరు పెడతారు. మొన్న వచ్చిన కొత్త చట్టం ప్రకారం భర్త ఆస్తికి మీరే వారసులని వకీలు అంటున్నాడు. బసవయ్య గారు అభ్యంతరం లేదని పక్కన సంతకం చేస్తారు. ఆయన్ను ఒప్పించే పని నాది. ఒప్పుకోకపోతే డబ్బు కోర్టులో కడతానని, అప్పుడు పదేళ్ళదాకా ఎవరి చేతికీ రూపాయి రాదని, ఉమ్మడి లెక్కలన్నీ కోర్టు తిరగేస్తుందని చెబుతాను. లెక్కలన్న మాట వింటే ఆయన ఒప్పుకుంటారు.

కచేరీ పక్కనే బ్యాంకు ఉంది. ఇంటికి పోకుండా నేరుగా అక్కడికి పోయి మీ పేర ఖాతా తెరిచి డబ్బు వేసుకోండి. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు, నా బాధ్యత కూడా కాదు.

తక్కువ పడిన మూడు వందల కోసం సైకిలు అమ్మాను, యజమాని దగ్గర రెండు నెలల జీతం ముందుగా తీసుకున్నాను. మీకు తెలియాలనే రాస్తున్నాను. ఇది దయ కాదు. మీ వల్ల నేను పడిన తిప్పలు మరచిపోలేదు.

మార్చి 20, బుధవారం. పదకొండు గంటలకు రండి.

బాపురావు


బోధన్,
6 ఏప్రిల్ 1957

బాపురావు గారికి,

మీరు ఆ రోజు పని కాగానే బస్సెక్కి పోయారు. తర్వాత జరిగింది వినడం మీ బాధ్యత కాదన్నారు గాని, నేను చెప్పకుండా ఉండలేను. మీ పథకం వల్లే జరిగింది కనుక.

బ్యాంకులో గుమాస్తా నా మొహం కూడా చూడకుండా, "మగవాళ్ళు ఎవరైనా వచ్చారా?" అని అడిగాడు. లేదన్నాను. "సంతకం వచ్చా, వేలిముద్రా?" అన్నాడు. కలం లాక్కుని సంతకం చేశాను. నోట్లు వాడి వైపు తోసి, నా ఎదురుగానే రెండుసార్లు లెక్క పెట్టించాను. మీ దగ్గర పట్టిన జబ్బు అది.

సాయంత్రం క్యాంపుకు వెళ్ళేసరికి నా ట్రంకుపెట్టె అరుగు మీద ఉంది. బసవయ్య మొహం చాటేశాడు. తోడికోడలు, "డబ్బు బ్యాంకులో ఉంటే మనిషి కూడా అక్కడే ఉండాలి" అంది. ఇరుగుపొరుగు తలుపుల వెనకనుంచి చూశారు గాని ఒక్కరూ బయటికి రాలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురం ఒక ట్రంకుపెట్టెలో పట్టింది. పెద్ద బరువు కూడా లేదు.

ఆ పెట్టెను బండి మీద పెట్టింది మీ నాన్నే. పొలం దగ్గరి కొట్టంలో ఉండమన్నాడు. ఉండనన్నాను. అది ఇప్పుడు మీది. మీ నీడన ఉండాల్సిన ఖర్మ నాకు పట్టలేదు. బోధన్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఫ్యాక్టరీ కాలనీ ఆడవాళ్ళకు రవికలు కుడుతున్నాను.

మీరు పొలం తెచ్చుకున్నారు. నేను ఇల్లు పోగొట్టుకున్నాను. ఆ రోజు కచేరీలో అందరి ముందు "సరిచూసుకోండి, సరిచూసుకోండి" అని మూడుసార్లు అన్నారు. నేను మోసగత్తెనన్నట్టు. అది కూడా గుర్తుంది.

ఇందిరాదేవి


నిజామాబాద్,
14 ఏప్రిల్ 1957

ఇందిరాదేవి గారికి,

సరిచూసుకోమన్నది మీకోసం కాదు. బసవయ్య గారు వినాలని. ఆ డబ్బు ఎవరిదో కచేరీలో ఉన్నవాళ్ళందరూ వినాలని.

ట్రంకుపెట్టె సంగతి బాపు చెప్పాడు. నాకు నిద్ర పట్టలేదని రాస్తే మీరు నమ్మరు, కాబట్టి రాయను. కొట్టంలో ఉండనన్నందుకు మాత్రం మంచి పని చేశారు. ఉంటే నెలకోసారి మనం పోట్లాడుకునేవాళ్ళం.

బ్యాంకు డబ్బు మీద ఆరు నెలలకోసారి వడ్డీ వేయించుకోండి, అడగకపోతే పుస్తకంలో రాయరు. ఎవరికీ చేబదులు ఇవ్వకండి. మీ వైపువాళ్ళకూ, మా వైపువాళ్ళకూ.

బాపురావు


బోధన్,
9 జనవరి 1958

బాపురావు గారికి,

తొమ్మిది నెలల తర్వాత రాస్తున్నాను. క్షేమ సమాచారాలు అడగడానికి కాదు.

జక్రాన్‌పల్లి దగ్గర కొమురయ్య అనే రైతు బావి కింద రెండున్నర ఎకరాలు అమ్ముతున్నాడు. వెళ్ళి చూశాను. నేల ఎర్రది, పసుపుకు బాగుంటుందంటున్నారు. బావిలో నీళ్ళు ఎండాకాలం ఎంత ఉంటాయో ఆయన ఒక మాట చెబుతున్నాడు, పక్క పొలంవాడు ఇంకో మాట చెబుతున్నాడు. ధర ఇంకా తెగలేదు. నా పేర, నా ఒక్కదాని పేర రాయించుకోవాలి. కుట్టు డబ్బు కూడా కలిపితే సరిపోతుంది.

సాక్షి సంతకానికి మనిషి కావాలి. మా క్యాంపువాళ్ళు ఎవరూ రారు. వచ్చినా బసవయ్య చెవిలో వేసే వస్తారు. ఇక్కడ నాకు తెలిసిన పెద్దమనుషులు ఇద్దరున్నారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఏది చెబితే అది నమ్మేస్తారు. నాకు అలాంటి మంచివాళ్ళు వద్దు.

రెండు రాత్రులు ఆశపడి కూడా, ఆ సంగతి నాకు రాసి మరీ పంపిన మనిషి ఈ జిల్లాలో మీరొక్కరే నాకు తెలుసు. సంక్రాంతి వెళ్ళాక, 20వ తేదీన రాగలరా? రాలేనంటే కారణాలు రాయక్కర్లేదు.

ఇందిరాదేవి


నిజామాబాద్,
13 జనవరి 1958

ఇందిరాదేవి గారికి,

వస్తాను. బాపును కూడా తీసుకొస్తున్నాను. బావిలోకి దిగి ఊట చూసేది ఆయనే. ఆయన చెప్పిందాకా బయానా ఇవ్వకండి. హద్దులు నాలుగు వైపులా నడిచి చూసేదాకా ఏ కాగితం మీదా కలం పెట్టకండి.

ఇంకొక మాట. కొమురయ్య ముందు మీరు నాతో మంచిగా మాట్లాడకండి. నేను మీ తరఫున వచ్చానని తెలిస్తే ధర తగ్గించడు. నేను పొలం బాగాలేదంటాను, మీరు నా మీద కోప్పడండి. నేను ఇంకో తప్పు చెబుతాను, మీరు ఇంకా కోప్పడండి.

నేర్చుకోవలసిన పని లేదు. ఉన్నట్టుగానే ఉంటే చాలు.

బాపురావు